ఆరో స్టెప్పు

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో మాన్యువల్స్ రాసే పని వదినామరదళ్లది. వదిన సీనియరు. కాగితం మీద ఎలా అచ్చవుతుందో తెర మీదా అలాగే కనిపించే పాత ఎడిటరంటే ఆవిడకు ప్రాణం. మరదలికి దాన్ని చూస్తే ఒళ్లుమంట. ఉత్త అక్షరాల ఫైల్లో రాసి, శీర్షికకో గుర్తూ స్టెప్పుకో గుర్తూ పెడితే చాలు, అచ్చు సంగతి కంప్యూటరే చూసుకుంటుందని ఆమె వాదం. కొత్త మోడల్ మాన్యువల్‌ని అలా మార్చి చూసింది కూడా, మెకానిక్‌లకు వెళ్లేది మాత్రం ఇంకా వదిన ఫైలే.

ఆ ఉదయం మేనేజరు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇవాళ ఏదో ఒకటి తేల్చండి. మీ ఇంటి గొడవ నాకొద్దు."

"ఆ గుర్తులు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయండీ," అంది వదిన.

"నీ దాంట్లో ఒక్క బొమ్మ జరిపితే పేజీలన్నీ చెల్లాచెదురవుతాయి. దాన్నే పట్టుకు వేలాడతావేం వదినా?"

ఫోను మోగింది. వదిన స్పీకరు నొక్కింది. మెకానిక్. ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిందట, లోపల మనుషులున్నారట.

"మేడం, బ్రేకు వదిలి లిఫ్టుని అంతస్తు దగ్గరికి తెచ్చాను. ఇప్పుడు మనుషుల్ని దించేముందు ఆరో స్టెప్పు చెయ్యమని ఉంది. ఆరోదేమో మళ్లీ బ్రేకు వదలమంటోంది. కొత్త మోడల్లో ఇంతేనా? చేసెయ్యనా?"

"వద్దు! చెయ్యి తియ్యి. లైన్లో ఉండు," అంది వదిన.

గబగబా తన ఫోల్డరు తెరిచింది. ఫైనల్, కొత్త ఫైనల్, ఇదే అసలు ఫైనల్ అని మూడు ఫైళ్లు. బొమ్మల బరువుకి ఫైలు తెరుచుకోవడం లేదు. ఫోన్లోంచి ఎవరో లిఫ్టు తలుపు బాదుతున్న చప్పుడు.

"ఊహించి చెప్పకు వదినా," అంటూ మరదలు తన తెర ఇటు తిప్పింది. "ఇందులో అంకె వెయ్యలేదు, స్టెప్పు పేరే రాశాను. చూడు, 'బ్రేకు బిగించు' చేశాకే దించాలి."

వదినకు అప్పుడర్థమైంది. పోయిన వారం తన ఫైల్లో స్టెప్పులకి పైన ఒక హెచ్చరికను కొత్త స్టెప్పుగా చేర్చింది తనే. స్టెప్పుల అంకెలు వాటంతటవే జరిగాయి. 'దించేముందు' అన్న వాక్యంలో చేత్తో కొట్టిన ఆరు మాత్రం అలాగే ఉండిపోయింది.

"బాబూ, ఏడోది చెయ్యి. బ్రేకు బిగించు. బిగిసిందని చూసుకున్నాకే తలుపు తియ్యి."

ముగ్గురూ ఫోను మీదికి వంగారు. ఇనుము కిర్రుమంది. తలుపు చప్పుడు.

"దింపేశాను మేడం. ఒక పెద్దావిడ కాస్త భయపడ్డారు, అంతే."

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఏ పద్ధతి?"

"దీనిదే," అంది వదిన. "నేను నేర్చుకుంటాను."

"పట్టికలు మాత్రం ఇందులో చచ్చేచావే," అంది మరదలు మెల్లగా. "అవి కొన్నాళ్లు నీ దాంట్లోనే చేద్దాం."

"అదంతా తర్వాత. ఈ మాన్యువల్ ఎంతమందికి వెళ్లిందో అందరికీ ముందు ఫోన్లు చెయ్యాలి. సగం నువ్వు, సగం నేను."

వదిన మొదటి నంబరు నొక్కింది. మరదలు తన ఫోను తీసి రెండోది నొక్కింది.