ఊగడానికి పుట్టలేదు నేను

నేను ఒక తూకపు గుండును. తాపీ మేస్త్రి దారానికి కట్టి, గోడ నిటారుగా లేస్తోందో లేదో చూసుకునే ఇత్తడి గుండును. ముందే చెబుతున్నాను, నన్ను 'మాయ లోలకం' అని పిలిచిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా పని ఆగడం. నేను ఆగేదాకా మేస్త్రి ఊపిరి కూడా బిగబట్టుకుని చూస్తాడు.

విజయనగరంలో ఒక లేతు మిషను మీద పుట్టాను. చెక్కినవాడు నా మొన కుదిరిందో లేదో అరచేతిలో గుచ్చి చూసుకుని 'అబ్బ' అన్నాడు. నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అదే. అక్కడి నుంచి అనకాపల్లిలో దాలినాయుడు మేస్త్రి చేతికి వచ్చాను. ఆయన నోరు మంచిది కాదు గానీ గోడలు మంచివి. ఆ పనివాళ్ళలో ఒక కట్టుబాటుంది. ఒకరు కట్టిన గోడకు ఇంకొకరు అడగకుండా గుండు వేలాడదీయకూడదు. చేస్తే చెంప మీద కొట్టినట్టే. దాని మీద తలలు పగలడం చూశాను.

మోకాళ్ళు పోయి మేస్త్రి పని మానేసిన ఏడు, మందుల షాపు మేడ మీద ఒకాయన బోర్డు పెట్టాడు. ప్రొఫెసర్ విశ్వంభర్, హిప్నాటిజంతో వ్యక్తిత్వ వికాసం. ఏ కాలేజీ ఆయన్ని ప్రొఫెసర్ని చేసిందో ఎవరూ అడగలేదు. ఒకరోజు మేస్త్రి ఇంటి గుమ్మంలో వేలాడుతున్న నా మెరుపు చూసి ఆ ప్రొఫెసరు మోజుపడ్డాడు.

"దీంతో ఏటి బాగుసేత్తారు బాబూ?" అన్నాడు మేస్త్రి.

"మనుషుల మనసులండీ."

"గోడలకన్నా అవే ఎక్కువ ఒంకరగుంటాయి. పట్టుకుపో."

అంత తేలిగ్గా ఇచ్చేశాడు నన్ను! చింతపండుతో తోమి, నూలుదారం పీకేసి, పట్టుదారం కట్టాడు ప్రొఫెసరు. పచ్చ కర్టెన్ వేసిన గదిలో జనాన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళముందు నన్ను ఊపేవాడు. "నీ రెప్పలు బరువెక్కుతున్నాయి..." వాళ్ళ సంగతేమో గానీ నాకు తల తిరిగేది. అబద్ధమెందుకు, కొందరికి మేలు జరిగింది. ఒక బస్సు కండక్టరు గుట్కా మానేశాడు. పరీక్షంటే వణికిపోయే పిల్ల ఒకతె చక్కగా రాసి పాసైంది. సరే, ఏదో ఒకటి నిలబడుతోంది కదా అని ఓర్చుకున్నాను.

అప్పుడు వచ్చింది నూకరత్నం. తీసుకొచ్చినవాడు మొగుడు సత్తిబాబు, కిరాణా కొట్టువాడు.

"ఇంట్లో గిన్నెలు ఇసిరేత్తంది సార్. మా అన్నయ్య కట్టించిన గోడ ఒంగిపోనాదని రోజూ రభసే."

నూకరత్నం తల దించుకుంది. "నా కోపం పోవాలండి. నా గుంట నన్ను సూసి తలుపు సాటుకెల్లిపోతంది. కానైతే ఆ గుంట మంచం ఆ గోడ కిందే ఉందండి. నానేటి సెయ్యాలి?"

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. పాప మంచం జరపడానికి చోటు లేదు. సత్తిబాబు అన్న సూర్నారాయణ పేరున్న కాంట్రాక్టరు. ఏ మేస్త్రిని పిలిచినా 'ఆయన గోడకి నేను గుండు కట్టను తల్లీ' అని దండం పెట్టి పోయాడట. మొగుడైతే, అన్నయ్య మొహం మీద ఉమ్మినట్టవుతుందని ఆ మాటే ఎత్తనివ్వలేదు.

ప్రొఫెసరు నవ్వాడు. "గోడ ఎక్కడుందమ్మా? నీ మనసులో ఉంది."

కొట్టు వెనక గదిలో ఉందిరా తెలివితక్కువవాడా! అరుద్దామంటే ఇత్తడికి నోరేదీ? గోడ ఒంగిందో లేదో చెప్పడానికే పుట్టినదాన్ని పట్టుకుని, గోడ ఒంగలేదని ఆ తల్లికి నచ్చచెప్పించాడు. అంతకన్నా నన్ను కొలిమిలో పడేసినా బాగుండేది.

వారాలు గడిచాయి. ఆమె నెమ్మదించింది. ఒకరోజు వచ్చి కూర్చుని, "నిన్న బీటలోంచి మట్టి రాలి గుంట కంట్లో పడ్డాదండి. నాకు కోపం రానేదు," అంది.

"శభాష్!" అన్నాడు ప్రొఫెసరు.

ఆమె నవ్వలేదు. "కోపం రానేదు," అంది మళ్ళీ, భయంగా. కన్నబిడ్డ కంట్లో మట్టి పడితే తల్లికి కోపం రాకపోవడం బాగుపడడమా? నాకు మాత్రం ఇద్దరికీ సరిపడా వచ్చింది.

ఇంతలో ఫోను మోగింది. నన్ను కొక్కేనికి తగిలించి ఆయన వరండాలోకి వెళ్ళాడు. ఊగి ఊగి ఆగాను. ఆమె నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన రాగానే అడిగింది.

"ఇది మేస్త్రి గుండు కదండీ?"

"కాదమ్మా, ఇది..."

మాట పూర్తికాకముందే నేను ఆమె గుప్పిట్లో మెట్లు దిగుతున్నాను.

ఇంటికి పోయి మంచం ఎక్కింది. గోడ పైఅంచున మేకు కొట్టి, చాలని పట్టుదారానికి కొట్లోని పురికొస ముడివేసి నన్ను జారవిడిచింది. కొట్టు ముందు టీ తాగుతున్న సూర్నారాయణ ఆ చప్పుడుకు లోపలికొచ్చాడు. "నా గోడకి గుండు కడతావా? ఎంత పొగరే నీకు!" సత్తిబాబు "దించెయ్యే, దించెయ్యే" అన్నాడు. ఆమె నేను ఆగడం కోసం చూస్తోంది.

నా బతుకులో అంత కోపంగా ఎప్పుడూ ఆగలేదు. పైన గోడకు ఆనుకుని దిగిన దారం, కింద గోడకు ఎడంగా నిలబడింది. పాప వచ్చి ఆ సందులో చెయ్యి అడ్డంగా పెట్టింది. అరచెయ్యి మొత్తం పట్టింది.

నూకరత్నం మంచం దిగింది. "కోపం తగ్గించుకోమన్నారు, తగ్గించుకున్నాను. ఇప్పుడు సల్లగానే సెప్తన్నాను బావగారూ. సాయంత్రానికి గోడ పడగొట్టించండి. నేదంటే నా గుంటనేసుకుని ఈదిలో పడుకుంటాను. ఎందుకని అడిగినోళ్ళందరికీ సల్లగానే సెప్తాను."

సాయంత్రం మంచం బయట పెట్టి గడ్డపార వేశారు. ఒక్క పోటుకే గోడంతా దానంతటదే కూలింది, సరిగ్గా మంచం ఉండే చోటనే.

ప్రొఫెసరు సిగ్గుపడ్డాడనుకున్నారా? బోర్డు మీద 'కోప నివారణ' అని కొత్త లైను రాయించి, నన్ను తిరిగి ఇమ్మని అడగడానికి వచ్చాడు. నూకరత్నం కొట్టులోంచి యాభై గ్రాముల తూకంరాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఊపడానికి ఏదైతేనేటండి?"

ఇప్పుడు కొత్త గోడకు, దాలినాయుడు కట్టినటువంటి నూలుదారంతో వేలాడుతున్నాను. సూర్నారాయణ అప్పుడప్పుడూ వస్తాడు. మరదలితో మాట్లాడడు. వెళ్తూ వెళ్తూ, ఎవరూ చూడడం లేదనుకుని, నన్ను వేలితో ఒక్క పోటు పొడుస్తాడు. ఊగుతాను. ఆయన వీధి మలుపు తిరిగేలోపే ఆగుతాను.