ముందు బండి

కార్తీకంలో వనభోజనాలు ప్రతి ఏడూ దుబాయ్‌లోని ఏదో ఒక పార్కులో జరిగేవి. ఉసిరి చెట్టు దొరకదు కనుక కరామా బజారులో కొన్న ఉసిరి కొమ్మను కుండీలో గుచ్చి, దాని చుట్టూ చాపలు పరిచేవారు. ఈసారి షార్జా దాటాక ఉన్న ఎడారి పార్కుకు వెళదామని స్నేహితుడు అంజిబాబు అన్నాడు. నాలుగు కుటుంబాలు, నాలుగు బండ్లు. ముందు బండి రాధాకృష్ణది. అందులో చర్చ లేదు. ఆయన వెనక వెళితే మ్యాపు అక్కర్లేదని స్నేహితులంతా ఏళ్ళ తరబడి అంటున్న మాటే.

వారం ముందు, శనివారం పొద్దున, ఒకసారి వెళ్ళి చూసి వద్దామని ఆయన అన్నాడు. అక్కడ విజిటర్ సెంటర్ ఉందట, అన్నీ చెబుతారట. భార్య కాత్యాయని కాఫీ గ్లాసు ఆయన చేతికే అందించింది. బల్ల మీద పెడితే ఈమధ్య చెయ్యి తగిలి ఒలికిపోతోంది.

దారి ముందుగా వెళ్ళి చూసుకుని వచ్చే మనిషి కాదాయన. ఎందుకు వెళుతున్నాడో ఆమెకు తెలుసు. బేస్‌మెంట్ పార్కింగులో స్తంభానికి రాసుకున్న గీతలు పజేరోకు రెండు పక్కలా ఉన్నాయి. చీకటి పడ్డాక వచ్చే పనులన్నీ మర్నాటికి వాయిదా పడుతున్నాయి. డిసెంబరులో లైసెన్సు రెన్యువల్. దానికి కళ్ళ పరీక్ష తప్పదు. ఆయనది ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కు అనే పారిశ్రామికవాడలోని టైల్స్ కంపెనీలో సేల్స్ ఉద్యోగం, రోజంతా బండి మీదే. డాక్టరుకు చూపిద్దామని ఆమె ఒకసారి అంటే, చూపిద్దాంలే అని టీవీ సౌండు పెంచాడు. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో రాలేదు.

మధ్యాహ్నం బయలుదేరారు. ఆ వెలుగులో, తెలిసిన రోడ్డు మీద ఆయన బాగానే నడిపాడు. తెలియని మలుపులు మొదలయ్యాక ఆమె బోర్డులు పైకి చదవసాగింది, తనకు తోచక చదువుకుంటున్నట్టు. కొన్ని నెలలుగా ఆమెకది అలవాటైంది. ఆయన ఎందుకని అడగలేదు.

సెంటర్ లోపల చల్లగా, మసకగా ఉంది. హాలు మధ్యలో పార్కు నమూనా: ఇసుక రంగు దిబ్బలు, రాతి గుట్టలు, వాటి మధ్య సన్నని ఎర్ర గీత. కౌంటర్‌లోని అజ్రా అనే అమ్మాయి వీళ్ళ తెలుగు విని తనూ తెలుగులోకి వచ్చింది. తన వాళ్ళది కడప, తను పెరిగింది షార్జాలో.

అక్కడ మంట పెట్టకూడదని, వంట ఇంట్లోనే చేసుకుని రావాలని చెప్పింది. తినడానికి కూర్చునే చోటు ఫోటో చూపించింది. నీడనిచ్చే ఆ చెట్లను ఘాఫ్ అంటారట. కాత్యాయని ఫోటోలో ఆకు దగ్గరగా చూసి, ఇది మన జమ్మి చెట్టే కదా అంది. తన నానీ, అంటే అమ్మమ్మ, కూడా అదే అనేదని అజ్రా నవ్వింది. ఉసిరి కొమ్మ ఎలాగూ తెస్తాం, జమ్మి నీడ అదనం అని కాత్యాయని మనసులో అనుకుంది.

"దారి చెప్పమ్మా," అన్నాడు రాధాకృష్ణ.

"ఇదో ఈ ఎర్ర గీత చూడండి అంకుల్."

అంకుల్ అనే మాట ఆయనకు గిట్టదు. అయినా నమూనా మీదికి వంగాడు. గీత ఒకచోట ఉంది, ఆయన మరోచోట చూస్తున్నాడు.

"చూశాను. మాటల్లో చెప్పు, నాకు గుర్తుంటుంది."

అజ్రా చెప్పింది. గేటు దాటాక ఇసుకలో కూరుకోకుండా టైర్లలో గాలి తగ్గించాలి, పసుపు కర్రల వెంట వెళ్ళాలి, పెద్ద రాతి గుట్ట దగ్గర ఎడమకు తిరగాలి. ఆయన పాఠంలా తిరిగి చెప్పాడు. ఏ కర్ర దగ్గర మలుపు, కర్రకూ కర్రకూ ఎంత దూరం అని అడిగాడు. దారి అడగడం చిన్నతనం అనుకునే మనిషి ఇన్ని ప్రశ్నలు అడగడం కాత్యాయని ఎప్పుడూ వినలేదు.

"అదంతా గుర్తు పెట్టుకుంటే పనికి రాదు అంకుల్. గాలొస్తే ఇసుక జరగతాది. మేం కర్రలు మారుస్తాంటాం. ఈ పొద్దు చెప్పింది ఆ పొద్దుకుండదు. కర్ర చూసుకుంటా పోవల్ల, అంతే."

రాధాకృష్ణ నమూనా అంచు మీద వేళ్ళు ఆనించి నిలబడ్డాడు.

అజ్రా కంప్యూటర్ వైపు తిరిగి, ముందు బండి ఎవురు తోల్తారు, పేరు చెప్పండి అంది.

కాత్యాయనికి లైసెన్సు వచ్చి నాలుగేళ్ళు. సూపర్‌మార్కెట్ దాకా తప్ప బండి తీయదు. నీ వెనక ఒంటెలు కూడా హారన్ కొడతాయని రాధాకృష్ణ అందరి ముందూ అనేవాడు, అందరూ నవ్వేవారు. తన పేరు తాను చెప్పడం తేలికే. ఆయన పేరు చెప్పడం ఇంకా తేలిక. ఆమె ఏదీ చెప్పలేదు. గోడ మీద టీ ధరల బోర్డు ఉంది. అది కూడా పైకి చదవలేదు.

"కాత్యాయని," అన్నాడు రాధాకృష్ణ చివరికి.

"ఆంటీనా?"

"ఆంటీయే. నువ్వు చూపించిన గీత నాకు కనబడలేదమ్మా."

అజ్రా తలూపి పేరు టైపు చేసింది.

బయట ఎండ పసుపుబారింది. రాధాకృష్ణ తాళంచెవి భార్య చేతికిచ్చి, బండి చుట్టూ తడుముకుంటూ నడిచి అటువైపు సీట్లో కూర్చున్నాడు. ఆమె సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది. అందుకు కొంత సేపు పట్టింది. ఆయన తొందర పెట్టలేదు.

పెద్ద రోడ్డు ఎక్కాక ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముందు స్పీడ్ బ్రేకర్ వస్తుందన్నాడు, వచ్చింది. బ్రిడ్జి దాటాక కుడి లేన్ కలుస్తుంది, జాగ్రత్త అన్నాడు, కలిసింది.

"అంజిబాబుకి ఏం చెబుతారు?"

"ముందు బండి నాదేనని చెబుతా. తోలేదెవరో వచ్చాక వాడే చూస్తాడు."

"డాక్టరు?"

"సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకో."

ఉద్యోగం సంగతి ఆమె అడగలేదు, ఆయన అనలేదు. వెనక ఎవరో పొడుగ్గా హారన్ కొట్టారు.

"ఒంటెనా?" అన్నాడు రాధాకృష్ణ, కళ్ళు తెరవకుండా.

"లారీ," అని కాత్యాయని పక్క లేన్‌లోకి తప్పుకుంది.