మచ్చలేని ఎక్స్‌రే

మా బావ అద్దాలు బిగించే మనిషి. కిటికీలకీ షాపులకీ గాజు కోసి బిగిస్తాడు. పలక కొనేముందు రెండు చేతులా ఎత్తి వెలుగుకి అడ్డంగా పట్టుకుంటాడు. బుడగైనా, గీతైనా, సన్నటి పగులైనా అక్కడే తేలిపోవాలి. ఆ పరీక్షలో నెగ్గిన పలకకి ఇక వంక పెట్టడు. ఆ అలవాటే మా కొంప ముంచింది.

దగ్గు పట్టుకుని వదలకపోయేసరికి, అక్క పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. తోడు నేనూ వెళ్లాను. అక్క మాటని నవ్వేసి కొట్టిపారేస్తాడు గానీ, మరదలినైన నా నోటికి కాస్త జడుస్తాడు. డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఫిల్ము చూసింది.

"ఇందులో ఏమీ కనిపించలేదు. అయినా దగ్గు తగ్గకపోతే నెల తిరక్కుండా మళ్లీ రండి. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చారు. ఇలాంటి దగ్గుతో ఎక్స్‌రేకి పంపినవాళ్లలో క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. ఎక్స్‌రేకి దొరకనివీ ఉంటాయి" అంది.

బావ మొదటి ముక్క దగ్గరే చెవులు మూసేసుకున్నాడు. బయటికి రాగానే ఫిల్ముని ఎండకి ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "మొదటి రకం సరుకు!" అన్నాడు. దాన్ని తీసుకెళ్లి దుకాణం కిటికీకి అంటించి, వచ్చినవాళ్లందరికీ చూపించడం మొదలుపెట్టాడు.

దగ్గు మాత్రం తగ్గలేదు. "ఒక్కసారి మళ్లీ వెళ్లొద్దామండీ" అని అక్క రోజూ బతిమాలేది. "ఫిల్ములో లేని రోగం నీ నోట్లో ఉందే" అనేవాడు. నేను వెళ్లి దులిపేస్తే, "మరదలా, నీ నోటికి ఎక్స్‌రే తీస్తే నాలుక బదులు కత్తి కనిపిస్తుంది" అనేవాడు. నవ్వొచ్చేది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకునేవాడు. అది చూస్తే నవ్వు కాస్తా ఎగిరిపోయేది.

ఒకరోజు పలక ఎత్తబోయి, ఊపిరందక అక్కడే కూలబడ్డాడు. అప్పుడు కదిలాడు మహానుభావుడు. ఈసారి స్కాన్ తీశారు. గుండె వెనక, ఎక్స్‌రేకి అందని చోట ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉంది. కాలేయానికి కూడా పాకింది.

"అప్పుడే వచ్చుంటే?" అని అడిగాను.

"కచ్చితంగా చెప్పలేను. ఆపరేషన్‌కి వీలుండేదేమో. ఇప్పుడు లేదు" అంది డాక్టరమ్మ. బావ వైపు తిరిగి, "రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదు?" అంది.

బావ తల దించుకున్నాడు. అక్క అందుకుంది. "నేనే వద్దన్నానండీ. ఎక్స్‌రే బాగుంది కదా, ఊరికే తిరగడం ఎందుకని..."

నాకు ఒళ్లు మండిపోయింది. మొగుడి పరువు కోసం ఇంత అబద్ధమా! కడిగేద్దామని నోరు తెరిచాను. ఈలోగా బావే తలెత్తాడు.

"అబద్ధం డాక్టరమ్మా. ఈవిడ రోజూ కాళ్లావేళ్లా పడింది. నేనే వినలేదు." అక్క చెయ్యి పట్టుకున్నాడు. "నీ మాట విని ఉండాల్సిందే."

పెళ్లయిన ఇన్నేళ్లలో బావ నోట ఆ మాట రావడం అదే మొదలు. గడ్డ సంగతి విన్నప్పుడు కంటతడి పెట్టని అక్క భోరుమంది.

"ఇప్పుడెందుకండీ ఒప్పుకోవడం! ఇంకో పదేళ్లు నా మాట కాదంటూనే ఉండకూడదూ!"