మొదటి పేజీలో ముఖం

ఆర్డర్ చేయండి అన్న బటన్ ఆకుపచ్చగా ఉండాలా నారింజ రంగులో ఉండాలా అన్నదే లోకంలో పెద్ద సమస్య అయినట్టు అరగంటగా రంగులు మారుస్తూ కూర్చున్నాను, రామకిషన్ సేటు పిండివంటల దుకాణానికి నేను చేసిన సైటులోకి పోయిన వారం వచ్చింది నాలుగు వందల మంది, కొన్నది ముగ్గురు, ఆ ముగ్గురిలో ఒకడు సేటు బావమరిదే, అందుకే మొన్న సేటు ఫోన్ చేసి ఏంది స్నేహా, తుకుం బస్తీల నా దుకాణంల కాలు పెట్టినోడు ఉత్త చేతుల్తోని పోడు, నీ వెబ్‌సైట్ల చూసినోళ్లు చూసినట్టే పోతుండ్రేంది అన్నాడు, దుకాణంలో నువ్వు కరకరలాడే బియ్యప్పిండి సకినం విరిచి చేతిలో పెడతావు, నేను తెరలోంచి ఏం పెట్టను అనబోయి, మొదటి పేజీల పొట్లాల ఫోటోలు తీసేద్దాం కాకా, చేసే మనిషి ముఖం పెడదాం, ముఖం చూస్తేనే నమ్మకం అన్నాను, పెద్ద తెలిసినదానిలా, కూలర్ గడ్డి ఎండిపోయి వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది, సాయంత్రంలోగా కొత్త పేజీ పెట్టాలి.

చేసే మనిషి అంటే ఎవరు, మా అమ్మ రాజక్క, పదేళ్లుగా సేటు దుకాణానికి సకినాలు చుడుతున్నది అమ్మే, నిన్న లాల్‌పేట్‌లో ఇంటికి వెళ్లి ఫోటో తీస్తానంటే పెట్టె తెరిచి అన్ని చీరలూ మంచం మీద పరిచింది, నా ఫోటువ అందరికి కనబడ్తదా బిడ్డా, ఈ ఎర్రంచుది కట్టుకుంటె ఎవలన్న ఏమన్న అంటరా, ఎవలేమంటరే, నీ ఇష్టం అన్నాను, ఎంత సులువుగా అన్నాను, సారెకు పంపే సకినాలు ముత్తయిదువ చేత్తోనే మొదలవ్వాలట, పక్కింటి సాయమ్మ వచ్చి పిండి గౌరమ్మను చేసి కుంకుమ పెట్టేదాకా పిండి కలిపిన అమ్మ చేతులు ముడుచుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, నాన్న జ్వరంతో పోయిన ఈ పదకొండేళ్లూ అంతే, తర్వాత తెల్లబట్ట మీద చుట్టు మీద చుట్టు వేస్తూ ఒక్కసారి తలెత్తి నవ్వింది, నేను నొక్కాను, ఇన్నేళ్లలో అమ్మ అలా నవ్వగా చూడలేదు.

ఆ ఫోటో ఇప్పుడు పేజీలో లేదు, సీమంతానికో సారెకో కొనేవాళ్లు బోసి నుదురు చూసి కొంటారా, సేటు ఒప్పుకుంటాడా, ఈ సేట్లందరూ ఇంతే, చేతులు కావాలి, ముఖం వద్దు, పొద్దున అమ్మ నుదుటి మీద ఒక ఎర్రచుక్క పెట్టి చూశాను, కంప్యూటర్‌లో అదెంత పని, చుక్క అంచులు కాస్త మసక చేశాను, ఎండ పడే వైపు కాస్త మెరుపు ఇచ్చాను, ఒక్కసారిగా అమ్మ పదకొండేళ్లు వెనక్కి వెళ్లింది, సెకండ్ షిఫ్ట్ నుంచి నాన్న వచ్చి చాయ్ పెట్టు రాజీ అంటాడేమో అనిపించింది, వెంటనే చెరిపేశాను, చుక్కతో పాటు ఫోటోనూ తీసేసి నెట్‌లో దొరికిన పట్టుచీర మనిషిని పెట్టాను, తల నిండా మల్లెలు, నుదుట రూపాయంత బొట్టు, చేతి పళ్లెంలో లడ్డూలు, సకినాలమ్మే సైటులో లడ్డూలు, సకినం పేరైనా విని ఉండదు మహాతల్లి.

ఫోన్ మోగింది, అమ్మే, సాయమ్మకు చెప్పిన బిడ్డా, గల్లీల అందరికి చెప్పిన, పొద్దుమీకి ఫోన్ల చూస్తమన్నరు, వస్తది గద, వస్తదే అమ్మా అని పెట్టేశాను, రాకపోతే చెప్పాల్సిన మాట అప్పటికే నోట్లో సిద్ధంగా ఉంది, సేటు వద్దన్నడే, అమ్మ నమ్ముతుంది, పోనీ తియ్ బిడ్డా, ఆయన దందా ఆయనది అంటుంది, ఆ చీర మడతపెట్టి మళ్లీ పెట్టె అడుగున పెడుతుంది, నా మీద అనుమానం కలలో కూడా రాదు, అదే నన్ను కోస్తోంది.

సేటు నిజంగా వద్దన్నాడా, ఎప్పుడన్నాడు, వాట్సాప్ తెరిచి వెనక్కి వెనక్కి వెళ్లాను, నిన్న రాత్రి సేటు పంపిన వాయిస్ మెసేజ్ ఒకటే ఉంది, రాజక్క ఫోటువ పెడ్తున్నవట గద, మంచిగ పెద్దగ పెట్టు, పదేండ్ల సంది ఆమె చేతి మీదనే నా దుకాణం నడుస్తుంది, ఇంకోసారి విన్నాను, వద్దన్న మాట ఎక్కడా లేదు, పొద్దుటి నుంచి నేను తిట్టుకుంటున్న సేటు నా తలలోనే ఉన్నాడు, ఆ ఫోటో ఆయన చూడలేదు, కొనేవాళ్లూ చూడలేదు, ఇంతవరకు చూసింది లోకంలో నేనొక్కదాన్నే, అమ్మ నుదురు చూసి అశుభం అనుకున్నదీ నేనొక్కదాన్నే.