పడమటి గొట్టంలో మనుషులు

నగర నీటి సరఫరా కేంద్రంలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. ఏ పంపు ఆపాలన్నా, ఏ వాల్వు తెరవాలన్నా కావలసిన పాస్‌వర్డులన్నీ ఆమె నాలుక చివరే ఉండేవి. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఎంతటి ఇంజనీరైనా పని ఏమిటో చెప్పి అనుమతి అడగాలి. పని అయ్యేంతవరకే కంప్యూటరు లోపలికి రానిస్తుంది. అంతసేపూ పై అంతస్తులో ఒకరు ఆ స్క్రీనునే చూస్తూ కూర్చుంటారు.

ఆ చూసేది ఎవరో కాదు, స్వయానా ఆమె భర్తకు అక్క.

"ఇంట్లో ఆడపడుచు ఆరాలు చాలవన్నట్టు ఆఫీసులో కూడానా!" అని భర్త దగ్గర వాపోయింది. "ఇన్నేళ్లు చేశాక నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు."

"మా అక్క కళ్లు కప్పడం చిన్నప్పట్నుంచీ నావల్లే కాలేదు, నీవల్లేం అవుతుంది?" అని నవ్వాడాయన. ఆమెకు ఒళ్లు మండింది.

ఒక మధ్యాహ్నం తూర్పు గొట్టంలోకి నీళ్లు వదలాల్సి వచ్చింది. పక్కనే ఉన్న పడమటి గొట్టాన్ని ఖాళీ చేసి, పగుళ్లు అతకడానికి లోపలికి మనుషులు దిగారు. ఆమె అనుమతి అడిగింది, వచ్చింది. చేయి తిరిగిన పనే కదా అని, ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూనే చకచకా మీటలు నొక్కింది. ఆఖరి మీట నొక్కబోతుండగా స్క్రీను బిగుసుకుపోయింది. వెంటనే బల్ల మీది ఫోను మోగింది.

"చెయ్యి తియ్యమ్మా." పై అంతస్తు నుంచి వదిన గొంతు. "నువ్వు అడిగింది తూర్పు వాల్వు. తెరవబోయింది పడమటిది."

"లేదు వదినా, చూసుకునే..." అంటూ తలెత్తి చూసింది. స్క్రీను మీద 'పడమర' అని స్పష్టంగా ఉంది.

తూర్పు వాల్వు తెరిచే పని తోటి ఇంజనీరుకు అప్పగించి ఆమె బయట గొట్టాల వైపు నడిచింది. వదిన కూడా దిగి వచ్చింది. ఇన్నేళ్లలో తాళాలక్క గొట్టాలకు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. నిలువెత్తు మనిషిని మించిన గొట్టాలు! తూర్పు దాంట్లోకి నీళ్లొచ్చేసరికి కాళ్ల కింద నేల సన్నగా కంపించింది. స్క్రీను మీద పచ్చటి గీతలా కనిపించేది ఇదా! ఒక ఊరి దాహమంతా ఇందులోంచా పోతోంది!

పడమటి గొట్టం నోట్లోంచి ఒకతను తల బయటపెట్టాడు.

"ఏంటి మేడమ్, మీరే వచ్చారు? ఇంకాస్త పనుంది."

"తొందరేం లేదు. నింపాదిగా చేసుకోండి," అంది తాళాలక్క.

"నన్ను కూడా ఇంకొకరు చూస్తుంటారు, తెలుసా?" అంది వదిన మెల్లగా.

"మీకు కోపం రాదా?"

"మొదట్లో వచ్చేది."

తాళాలక్క పడమటి గొట్టానికి చెవి ఆనించింది. లోపల సుత్తి దెబ్బలు, ఎవరిదో దగ్గు, ఎవరో వేసిన జోకుకి నలుగురి నవ్వు, అన్నీ ఇనుములోంచి గంటలా మోగుతూ వచ్చాయి. వదిన రమ్మని చెయ్యి పట్టుకున్నా ఆమెకు కదలబుద్ధి కాలేదు.