చదివాకే వేలిముద్ర

పొద్దున్నే భీమవరం అవతల రొయ్యల షెడ్డులో పని ఆపించి మరీ కూలి ఆడవాళ్ల చేత ఒక కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నాడు గుమస్తా అప్పారావు. ఐసులో నాని నాని ఆ ఆడవాళ్ల వేళ్లమీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. ముద్ర సరిగా పడటంలేదని ముసలి సూరమ్మ బొటనవేలు పట్టుకుని తనే కాగితానికేసి అదిమాడు. ఆవిడ "అబ్బా" అన్నా వదల్లేదు.

"కూలి పెరుగుద్దంట. వెయ్యండర్రా" అని నలభై మందినీ ఒప్పించింది మాత్రం దేవకుమారి. ఆ ముఠాకి ఆమె మేస్త్రి. ఆమె మాటంటే వాళ్లకి గురి.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక బేబి పక్కన చేరింది. షెడ్డు మొత్తానికి పదో తరగతి పాసైంది ఆ పిల్లొక్కతే.

"పిన్నీ, ఇందాక గుమస్తా బల్లమీదుంటే ఆ కాగితం చదివాను. కూలి ఊసే లేదు. ఆదాయప్పన్ను తీసేసి, ఆ భారమంతా కొనే సరుకు మీద వెయ్యమని ఢిల్లీకి అర్జీ. కూలీలమే అడుగుతున్నామని రాశారు."

"అయితే ఏంటే? సబ్బు షెడ్డు ఓనరు రాజుగారూ కొంటారు, మనమూ కొంటాం. పన్ను ఒకటేగా?"

"ఆయన లక్ష సంపాదించి పదివేలు తింటారు. మిగతాది దాస్తారు. మనకి రోజుకొచ్చేది యాభై రూపాయలు, అయిపోయేదీ ఆ యాభయ్యే. వచ్చిన ప్రతి రూపాయికీ పన్ను కట్టేదెవరు?"

దేవకుమారి చేతిలో ముద్ద క్యారేజీలోనే వదిలేసింది. తనను నమ్మినవాళ్ల గొంతు తనే కోసింది. సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. చెయ్యి కడుక్కుని తిన్నగా షెడ్డు యజమాని అచ్యుతరామరాజు దగ్గరకెళ్లింది.

"మా ముద్రలు మాకిచ్చెయ్యండి. తెలీక వేశామండి."

రాజుగారు నవ్వారు. "పన్నుల గొడవ నీకెందుకమ్మా? రొయ్య తల తియ్యడం చూసుకో. ముద్ర వద్దన్న మనిషికి రేపట్నుంచి పనీ వద్దు."

పదిహేనేళ్ల పని. మంచంలో మొగుడు. అయినా దేవకుమారి తిరిగొచ్చి బల్లల మధ్య నిలబడింది.

"నాది తప్పయింది. ఆ కాగితంలో కూలి లేదు, మనమీద పన్నుంది; ముద్ర వెనక్కడిగితే పని తీసేస్తారంట. పోతే నా పనే పోనివ్వండి. మీ ఇష్టం మీది."

"వెయ్యమంటే వేశాం కదే. ఇప్పుడు తియ్యమను, తీస్తాం" అంది సూరమ్మ, ఐసులోంచి చేతులు పైకి తీస్తూ. బేబి తీసింది. చూస్తుండగానే నలభై మందీ తీసేశారు. బయట ఎగుమతి లారీ ఎదురుచూస్తోంది. బల్లలమీద ఐసు కరిగిపోతోంది. అప్పారావు ఫోను దగ్గరకి పరిగెత్తాడు.

పోలీసు జీపొచ్చింది. సరుకు పాడుచేయించిందని దేవకుమారిని ఎక్కించుకుపోయారు. స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు ఒక కాగితం ముందుకి తోశాడు.

"వెయ్యి. వేసి ఇంటికి పో."

ఆమె బొటనవేలు గుప్పిట్లో ముడిచేసుకుంది.

"ముందు చదవండి."

"ఏంటీ?"

"గట్టిగా చదవండి సారూ. గేటు కాడ మావాళ్లకి వినపడాలి. వాళ్లు ఊ అంటేనే వేస్తాను."

హెడ్డు కిటికీలోంచి చూశాడు. తడి చీరలతోనే అందరూ వచ్చేశారు. ముందు సూరమ్మ గొంతు లేచింది, వెనకే మిగతా గొంతులన్నీ.

"చదవండి!"