ఫ్రేములో లేని పాదాలు

అది అక్టోబరు పదమూడు, మంగళవారం. మధ్యాహ్నం తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, అంచు మాడిన రొట్టె, ఒక టమాటా. చెవుల మావయ్యకు ఇవన్నీ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం, రెండో గుడ్డు సగంలో ఉండగా మేనకోడలు అడిగిన ప్రశ్న.

"మావయ్యా, నా కాళ్ళేవి?"

ఆయన వంగి బల్ల కింద చూశాడు. కాళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి. కుడి మోకాలి మీద మంచుముక్కల సంచీ కూడా ఉంది. తల ఎత్తాక గానీ ఆమె చూస్తున్నది కంప్యూటర్ తెరను అని తెలియలేదు.

తెర మీద ఆమే నాట్యం చేస్తోంది. చేతులున్నాయి, మెడ ఉంది, ఆ కళ్ళ గురించి చెప్పనే అక్కర్లేదు. నడుము దిగాక మాత్రం లోకం అయిపోయింది.

మేనకోడలికి నలభై ఒకటి. మోకాలు దెబ్బతిని వేదిక దిగి పన్నెండేళ్ళు. నాలుగు నిమిషాల చిన్న సినిమా పంపండి, నచ్చితే ఒక సాయంత్రం మా వేదిక మీకిస్తాం అని ఒక నాట్యశాల వాళ్ళు ప్రకటించారు. గడువు ఆ రోజు సాయంత్రం ఎనిమిది. బట్టలు కుట్టే కర్మాగారం వాళ్ళు తమ చెక్కనేల హాలును ఆదివారం ఒక్కపూట ఖాళీ చేసి ఇచ్చారు. ఇప్పుడక్కడ యాభై మిషన్లు గడగడలాడుతున్నాయి. ఆదివారం నాట్యానికి ఆమె మోకాలు గుమ్మడికాయంత అయింది. మళ్ళీ తీయడమన్న మాటే లేదు.

కెమెరా పట్టింది ఆమె మరిది. మిక్సీలు, కుర్చీలు, చెప్పులు, ఇలా అమ్మకానికి వచ్చే ప్రతిదాన్నీ అందంగా ఫొటో తీయడం అతని వృత్తి. పొట్ట బల్లకు ఆనించి, ఏ తప్పూ చేయనివాడిలా టమాటా తింటున్నాడు.

"నేల కనిపిస్తే సరుకు చవగ్గా కనిపిస్తుంది వదినా. పదిహేనేళ్ళ అనుభవంతో చెప్తున్నా. అందుకే ఎక్కడా నేల పడకుండా చూసుకున్నా."

"నేను సరుకునా?"

"అంటే... మంచి సరుకు."

"నీ మొహం! కాళ్ళు లేకపోతే అది నాట్యమెలా అవుతుంది? ట్రాఫిక్ పోలీసు డ్యూటీ అవుతుంది."

మావయ్యకు నవ్వాగలేదు. అదే ఆయన చేసిన పొరపాటు. ఆమె ఇటు తిరిగింది.

"మీకు నవ్వొస్తోందా? బొమ్మలో లేవు సరే. చప్పుడైనా ఉండాలిగా? అదేది?"

గుడ్డు గొంతుకు అడ్డం పడింది. ముప్పై నాలుగేళ్ళు రేడియో వార్తల గదిలో పనిచేసిన మనిషి ఆయన. దగ్గులు, కుర్చీ కిర్రులు, కాగితాల గరగరలు, అన్నింటినీ ఏరిపారేయడమే ఆయన ఉద్యోగం; చెవుల మావయ్య అన్న పేరు అందుకే వచ్చింది. ఆదివారం చెక్కలు కిర్రుమనగానే చెయ్యి ఊరుకోలేదు. నేల ఎలాగూ కనిపించదని మరిది చెప్పాడు కదా అని, ఆమె కాళ్ళు పడే చోటల్లా మందపాటి దుప్పట్లు పరిచేశాడు. సంగీతం అద్దంలా వచ్చింది. అడుగు చప్పుడు ఒక్కటి లేదు.

"బాగుంది. ఒకరు కనపడకుండా చేశారు, ఒకరు వినపడకుండా చేశారు. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను సగం చేశారు," అంది ఆమె నవ్వుతూనే. తర్వాత, "పోన్లెండి. పంపొద్దు. నాకేం బాధ లేదు," అంది.

ఆ మాట ఆమె చాలా తేలిగ్గా అంది. అంత తేలిక మావయ్యకు పరిచయమే. పోయిన భార్య ఆసుపత్రి మంచం మీంచి అదే స్వరంతో అదే మాట అనేది. ఆయన మిగిలిన సగం గుడ్డును పక్కకు నెట్టాడు.

"ఇంకా ఆరు గంటలుంది తల్లీ. కాళ్ళు తయారుచేద్దాం."

పుస్తకాల అలమర నుంచి ఒక చెక్క ఊడదీశారు. మడిచిన తువ్వాళ్ళ మీద దాన్ని పెడితే, తట్టినప్పుడు కర్మాగారం నేలలాగే డొల్లగా మోగింది. కిటికీలు మూశారు, ఫ్రిజ్ ఆపారు. మైకు వేలాడదీశారు. ఇక చేతులతో తట్టడమే: అరచేతి అడుగుభాగం మడమ, చేతివేళ్ళు కాలి మునివేళ్ళు.

"ఎడమకాలు నాది, కుడికాలు నీది," అన్నాడు మావయ్య మరిదితో.

మేనకోడలు కాలు స్టూలు మీద చాపుకుని తెర చూస్తూ కూర్చుంది. భుజం ఎంత వాలిందో చూసి కింద ఏ పాదం పడిందో చెప్పేస్తోంది.

"ఎడమ. ఎడమ. కుడి మడమ. ఇప్పుడు తిరగాలి."

"అరచేత్తో ఎలా తిరగను వదినా?"

"బల్ల తుడుస్తున్నట్టు. ఎప్పుడైనా తుడిస్తే కదా తెలిసేది."

"బాబాయ్, మీ ఎడమకాలు నా కుడికాలిని తొక్కేస్తోంది," అన్నాడు మరిది మావయ్యతో.

"నీ కుడికాలికి ఉంగరముంది, ముందది తియ్యి నాయనా. పాదం టకటకలాడుతోంది."

గంటన్నరకు నలుగురు దెబ్బలాడుకున్నట్టున్న చప్పుడు కాస్తా ఒక మనిషి నడకలా మారింది. ఇద్దరి అరచేతులూ ఎర్రబడ్డాయి.

రెండో నిమిషంలో ఆరు సెకన్ల పాటు ఉత్త గోడే ఉంది. ఆమె ఎడమకు వెళ్ళి, కెమెరా వెనక నుంచి తిరిగి కుడివైపున వచ్చింది. మరిది కెమెరా తిప్పలేదు.

"వస్తువులు నడవవు కదా, అలవాటు లేదు," అని గొణిగాడు. "ఇది కోసేస్తా."

"ఆగు," అన్నాడు మావయ్య. అడుగుల చప్పుడును ఎడమ స్పీకరు నుంచి మొదలుపెట్టి మెల్లగా దూరం చేశాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత కుడివైపు నుంచి ఒక మడమ, దగ్గరగా ఇంకొకటి. ముగ్గురూ ఆ ఉత్త గోడను కళ్ళార్పకుండా చూశారు. ఆమె తెరలోకి రాగానే మరిది ఉలిక్కిపడ్డాడు.

"అమ్మో! నేనే తీశానా ఇది?"

మూడో నిమిషంలో ఒక చోట ఆమె చెప్పడం ఆపేసింది. మావయ్య ఎదురుచూశాడు.

"ఇక్కడ కుడికాలు ఆలస్యంగా పడింది," అంది చివరికి. "సగం బరువుతో. మోకాలు ఒప్పుకోలేదు."

మరిది అలాగే తట్టాడు. మావయ్య వేలు అలవాటుగా మీట దగ్గరకు పోయింది. ఆ అడుగును తాళంలోకి జరపడానికి ఒక్క నొక్కు చాలు.

"సరిచెయ్యనా?"

ఆమె పెదవి కొరుక్కుంది. కుంటికాలు వినిపిస్తే నాట్యశాల వాళ్ళు పక్కన పెట్టేస్తారేమో. వినిపించకపోతే, రేపు నిజంగా వేదిక ఎక్కాక? "అమ్మ వచ్చి చూశాక చెప్తా," అంది.

ఆరున్నరకు అక్క బజారు నుంచి కూరల సంచీతో వచ్చింది. వచ్చీ రాగానే, "తమ్ముడూ, అలమర ఊడిపోయిందేంట్రా? పుస్తకాలన్నీ మంచం మీదున్నాయి!" అని మొదలుపెట్టింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా సినిమా వేశారు.

అయిపోయాక అక్క కళ్ళజోడు తుడుచుకుంది.

"కాళ్ళు ఎంత బాగా తీశావు బాబూ!"

మరిది నోరు తెరిచాడు. మావయ్య అతని కాలు తొక్కాడు, ఈసారి నిజంగానే.

"ఒక్కచోట కుడికాలు ఆలోచించి వేశావు కదే?" అంది అక్క కూతురితో. "గుండె జారిపోయిందనుకో. పడిపోతావనుకున్నా. తర్వాత అడుగు వేశావు చూడు, నేను ఈ కుర్చీలోంచి లేచేదాన్నే."

మేనకోడలు కాలు స్టూలు మీంచి దించింది. తర్వాత మంచుముక్కల సంచీ తీసి పక్కన పెట్టింది.

"దాన్ని ముట్టుకోవద్దు మావయ్యా. అలాగే పంపుదాం. నచ్చితే ఈ కాలితోనే పిలవనీ."

ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు పంపింది. అందినట్టు జవాబు వచ్చింది. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఇప్పుడే చెప్పరు కూడా. అయినా ఆమె ఆ రాత్రి రెండుసార్లు తింది.

సినిమాలో కాళ్ళే లేవన్న మాట అక్క నమ్మలేదు.

"నా కళ్ళతో చూశానర్రా! మళ్ళీ వెయ్యండి." మళ్ళీ వేశారు. "ఇదుగో, ఇదుగో..." అంటూ వేలు చూపించబోయి, చూపించేందుకు ఏమీ లేక, "ఇందాక ఉన్నాయి," అంది మొండిగా.

తొమ్మిదిన్నరకు మరిది వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు లోపలి గదిలో పుస్తకాలు కిందికి దించి మంచమెక్కారు. అక్క ఇంకా వాదిస్తూనే ఉంది. కూతురు నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో ఇప్పుడు తేలిక లేదు, నిండుగా ఉంది. కాసేపటికి రెండు గొంతులూ ఆగి, రెండు ఊపిరులు మిగిలాయి.

మావయ్య గుమ్మంలో నిలబడి కొంచెంసేపు విన్నాడు. తర్వాత మంట పుడుతున్న అరచేత్తో గడియ కదలకుండా పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.